ముందుగది మూల

హాలిఫాక్స్‌లో మా ముందుగది కిటికీ
మూడు మడతలుగా వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది.
నూటపాతికేళ్ళ రాయి.
ఏ మూలా మూలమట్టానికి లొంగదు.

గోడ అడుగున అంచుబద్ద వేయడానికి క్లైవ్ వచ్చాడు.
"ఎన్ని డిగ్రీలుంటుంది?" అన్నాను, ఫోను తీస్తూ.
"అది నాకెందుకు?" అన్నాడు.

నేలమీద అట్టముక్క. గోడల వెంట రెండు గీతలు.
అవి కలిసినచోట వృత్తలేఖిని ముల్లు గుచ్చి
ఒక చాపం తిప్పాడు, రెండు గీతల్నీ తాకేలా.
తాకిన చోట్ల నుంచి, కాళ్ళ ఎడం మార్చకుండా,
ఇంకో రెండు.
కత్తెర రెక్కల్లా అవి ఒకదాన్నొకటి దాటాయి.
శీర్షం నుంచి అక్కడికి గీత. అంతే.

తొమ్మిదో తరగతిలో నేనూ వేశాను,
మర వదులైన వృత్తలేఖినితో, జారే పెన్సిల్ ముక్కతో.
ముందు కోణం కొలిచి, రెండుతో భాగించి, గీత గీసేసి
చాపాలు తర్వాత అతికించేదాన్ని
దొంగ సాక్ష్యాల్లా.
హైమవతి టీచర్ ఎర్రసిరాతో ఒకే మాట రాసేది:
"కొలిచావు."

ఎంతో తెలియనిదాన్ని సగం చేయొచ్చని
నలభై మూడేళ్ళకి, మోకాళ్ళమీద కూర్చుని చూశాను.
ఆ గీతమీద ఎక్కడ వేలు పెట్టినా
రెండు గోడలూ అంతే దూరం.

రంపాన్ని ఆ వాలుకి తిప్పి బద్దలు కోశాడు.
కలిపితే వెంట్రుక పట్టేంత సందు.
"గోడకి పొట్టొచ్చింది," అని
చెక్కపొట్టులో జిగురు కలిపి మెత్తాడు.

టీ తాగి వెళ్ళిపోయాడు.
అట్టముక్క పారేయలేదు నేను.
దానిమీద ఒక్క అంకె కూడా లేదు.