గోడలోపలి పైపు

ముప్పై రెండేండ్ల సంది
మలక్‌పేట గల్లీలల్ల నల్లాలు బాగు జేస్తున్న.
వాషర్ అరిగిందా, వాల్వు పట్టిందా
సప్పుడు ఇని చెప్త.

రాత్రి మూడోసారి లేచి
గోడకు చెయ్యి ఆనిచ్చి
బొట్టు బొట్టుకు ఎదురుచూస్కుంట
నా సప్పుడు మాత్రం నేను ఇనలే.
"నీళ్లు ఎక్కువ తాగిన" అన్న.
"నిన్న గూడ గిదే అన్నవ్" అన్నది అనసూయ, చీకట్ల నుంచి.
ఆమె లెక్క పెడ్తున్నదని నాకు ఎరుక లేదు.

సత్తార్ భాయ్ మేస్త్రి.
నేను పైపు ఏస్తే ఆయన సిమెంటు పూస్తడు,
ఆయన పూసింది నేను పలగ్గొడ్త.
ఇరవయ్యేండ్ల కొట్లాట, ఇరవయ్యేండ్ల దోస్తీ,
ఇరానీ హోటల్ల ఒక చాయ్ రెండు కప్పులల్ల.
షుగర్ ముచ్చట పెట్టుకున్నం, మోకాళ్ల ముచ్చట,
పిల్లల ఫీజులు, ఇంట్లకు మూసీ వచ్చిన రాత్రి.
నడుముకు కింది మాట
నవ్వులాటకు తప్ప రాలే.

పోయిన రంజాన్ ముందు నడుం నొప్పన్నడు.
ఇటుకలు మోసిన నడుం నొయ్యదా అన్న నేను.
మలాం డబ్బీ నేనే కొనిచ్చిన.
రెడ్‌హిల్స్ దవాఖానల చూసి
ఎముకల దాంక పాకిందన్నరు.
మొదలైంది నడుంల కాదు,
మేమెన్నడు పేరు దియ్యని కాడ.
అక్రోటు కాయంత గ్రంథి. ప్రోస్టేటు.
ముందుగాల దొరికితే దారులు ఎక్కువుండెనట.

ఒక్క రాత్రి గూడ లేవలేదట సత్తార్.
ఏ తిప్పలు కాలేదట.

అదే నన్ను కూసోనియ్యలే.
కారే నల్లా మంచిది, అరుస్తది.
గోడలోపల కారే పైపు అరవదు.
సున్నం ఉబ్బి పెచ్చు రాలేదాంక
ఇంటోళ్లకు తెల్వది.
ఈ మాట ఎంతమందికి చెప్పిన,
పైసలు లెక్క పెట్టుకుంట!

డాక్టరమ్మ మా బిడ్డ ఈడుది.
నేను ఫ్యాను దిక్కు చూస్కుంట చెప్పిన.
ఆమె నవ్వలే.
"రాత్రి లేస్తే క్యాన్సరే అని కాదు,
లేవకుంటే లేదనీ కాదు.
యాభై దాటినంక అడిగి తెలుసుకోవాలె.
మీ నాయనకు ఉండెనా?"
మా నాయన దేంతోని పోయిండో ఎవ్వరికి తెల్వది.
మూత్రం బంద్ అయ్యి పోయిండన్నరు, అంతే.
అది గూడ రాసుకున్నది.

సూది చీమ కుట్టినంత.
పీఎస్ఏ అని మూడక్షరాలు, పక్కన ఒక అంకె.
కొంచెం ఎక్కువుందట,
మూడు నెల్లకు మల్ల రమ్మన్నది.
ఆ మూడు నెల్ల నడుమున్న ఇప్పుడు.
భయమైతది. కని తెల్సిన భయం ఇది,
దీనికి తారీఖున్నది.

సత్తార్ గోడలు పూస్తలేడు.
చాయ్‌కి వస్తడు, సగం తాగుతడు.
కొత్త పోరగాండ్లను పట్టుకొని
"మీ అబ్బకు చూపిచ్చినవా?" అని అడుగుతడు.

నిన్న సైదాబాద్ల ఒక రిటైర్డ్ సారు ఇంట్ల
గీజర్ బిగిస్తున్న.
గంటల నాలుగుసార్లు లోపటికి పోయొచ్చిండు.
"సారూ, పైపు సంగతి గాదు,
మీ సంగతి అడుగుత" అన్న.
మొఖం ఎర్రగైంది.
తలుపు దగ్గరికేసిండు,
మాట బయటికి పోవద్దని
ఫ్యాను స్పీడు పెంచిండు.
"కూసో" అన్నడు.

నేను పానా కింద పెట్టిన.