తప్పిన ముడి

గట్టుప్పల్‌ల కరెంటు పోయిన రాత్రి
సెల్లు లైటు పండ్ల నడుమ పట్టుకొని
చిటికి కట్టింది అండాలు.
ఏనుగు తొండం కాడ ఒక్క ముడి తప్పింది.
రంగుల ముంచి ఇప్పినంక గని తెల్వలె:
తెల్లటి తొండం కొసకు
ఎర్రటి చుక్క, ముల్లు గుచ్చినట్టు.

షావుకారు చీరకు రెండొందలు కోసిండు.

మొన్న మా నవనీత
ఆ చీర ఫోటోను ఫోనుకు మేపి
"ఇసొంటిది ఇంకా యాడున్నదో దేవులాడు" అన్నది.
నేను తెగిన పోగు అతికేలోపల
బారులు బారులుగ దిగినయి ఏనుగులు.
మిల్లు ప్రింటు చీర, మూడొందల తొంభై.
దిండు గలీబు. చేతిసంచి.
ఎవరిదో పెండ్లిపత్రిక అంచు.
మేమెన్నడు పోని ఊర్లు,
మాకు చదువరాని అక్షరాలు.

అండాలు రెండు వేళ్లతోని పెద్దగ చేసి చూసింది,
గోర్లకు ఇంకా రంగే.
ప్రతి తొండం కొసకు అదే చుక్క.

"ఒక్కలన్న దిద్దలే" అన్నది.
నవ్విందో, దగ్గిందో.

తెల్లారి చట్టం ముందట కూసొని
కొత్త ఏనుగుకు
అదే జాగల ముడి ఇడిచిపెట్టింది.

ఈసారి కరెంటున్నది.