ఏటి రంగు

సఖినేటిపల్లి రేవులో
మా నాన్న పడవలకి పేర్లు రాసేవాడు.
నేను కిరసనాయిల్లో కుంచెలు కడిగేదాన్ని.
పడవ ముక్కుకి రెండు వైపులా కళ్ళు దిద్దేటప్పుడు మాత్రం
నన్ను పిలిచేవాడు.
"కన్ను నువ్వు పెట్టవే పల్లాలూ,
చెయ్యి వణికితే వణకనీ,
ఏటిగట్టు మాత్రం తిన్నగా ఉందా ఏంటి?"

నా మొదటి బొమ్మ అలా
సముద్రం దాకా పోయి
చేపలతో తిరిగొచ్చింది.

ఇప్పుడు నా బల్ల మీద నల్లపలక ఒకటుంది,
బలపం అక్కర్లేనిది.
కరెంటు పోతే ఇన్వర్టరు, అదీ పోతే
డబ్బాలో పాత పెన్సిళ్ళు.
హైదరాబాదు స్టూడియో వాళ్ళు ఫోను చేస్తారు,
"ఒక పడవ కావాలి మేడమ్,
ఇప్పటిదాకా ఎవరూ చూడని పడవ."

నేను పంటు ఎక్కుతాను.
నరసాపురానికీ ఇటుకీ నాలుగుసార్లు దాటుతాను.
మోటారుసైకిళ్ళ మధ్య ఇరుక్కున్న మేక,
మోకు నడుముకి చుట్టుకునే కునుకు తీస్తున్న దింపాయన,
లేసు అల్లే మరియమ్మ వేళ్ళు,
సూదీ ఆగదు, కబురూ ఆగదు,
అన్నీ గీసుకుంటాను.
పడవ ఒక్కటే గీయను.
ఇంటికొచ్చాక అది దానంతటదే వస్తుంది
మరియమ్మ లేసుని తెరచాప చేసుకుని.

నూట పన్నెండు పడవలు పంపితే
ఒకటి తీసుకున్నారు.
దాని అడుగుభాగం మాత్రం.
సినిమా వచ్చిన రోజు రాజోలు హాల్లో
ఆఖర్న పేర్లు పైకి పాకుతుంటే
ఊడ్చే కుర్రాడు చీపురుతో నిలబడ్డాడు,
"అయిపోయిందండి, లేవండి."
"ఒక్క నిమిషం ఆగవయ్యా."
ఎక్కడో అడుగున వచ్చింది: పల్లవి.
పల్లాలమ్మ అంటే నోరు తిరగదని
ఎవరో దయతలిచారు.
"మీవోళ్ళాండి?" అన్నాడు.
"ఆయ్, దూరపు చుట్టం" అన్నాను.

పిల్లల పుస్తకాలది ఇంకో పంచాయితీ.
గేదె నవ్వాలన్నారు.
గేదె నవ్వదండీ, నెమరేస్తుంది అన్నాను.
పిల్లలకి నచ్చాలి కదా అన్నారు.
మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.
దాని వీపు మీద కొంగ నొకదాన్ని కూర్చోబెట్టి
నవ్వు దానికిచ్చేశాను.
గేదె పరువు దక్కింది.

ఏటి దగ్గరే ఓడిపోయాను.
శ్రావణంలో వశిష్ట
ఇటుక నూరి కలిపినట్టుంటుంది.
గట్టు దిగి గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చి
కిటికీలో పెట్టుకుని
ఆ రంగు కోసం రెండు రోజులు కూర్చున్నాను.
మూడోనాటికి మట్టంతా అడుక్కి దిగి
నీళ్ళు తేరిపోయాయి,
ఎడిటరు మాటే నిజమైనట్టు.
"నీళ్ళంటే నీలం మేడమ్,
ఇది చూస్తే పేజీ మీద టీ ఒలికిందనుకుంటారు."

పుస్తకం నీలంగానే వచ్చింది.
ఆ డబ్బుతో నాన్న కంటికి శుక్లం తీయించాను.
కట్టు విప్పాక పేజీ దగ్గరగా పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"మసక ఉన్నప్పుడే నయమే," అన్నాడు,
"ఇప్పుడు మరీ నీలంగా ఉంది.
ఏ ఊరి ఏరే ఇది?"

పోయిన నెల లంకలో బడికి పిలిచారు
పిల్లల చేత బొమ్మలు వేయించమని.
పంతులుగారు రేకుపెట్టె తెరిచి పుస్తకాలు పంచారు.
నాదీ ఉంది,
వరదలో తడిసి ఆరి
అట్ట ఉబ్బిపోయి.
తొమ్మిదో పేజీ తిప్పితే
ఏరు ఎర్రగా ఉంది.

ఎవరో ఇటుకముక్కతో రుద్దారు.
నీలం జాడ లేకుండా,
నేను గీసిన గట్టు దాటి,
కొంగ కాళ్ళు దాటి,
పేజీ అంకె మునిగేదాకా.

"ఎవరు వేశారర్రా ఇది?"

ముప్పైమంది.
ఒక్క చెయ్యి లేవలేదు.
పుస్తకం పాడుచేసినందుకు
కొడతాననుకున్నారు కాబోలు.
మూడో వరసలో ఒక పిల్ల మాత్రం
ఎప్పుడో వదిలిపోయిన రంగుని
గౌను వెనక్కి
తుడుచుకుంటూనే ఉంది.