సైకిల్ ట్యూబు ముక్క

గుత్తి బైపాసులో నా షెడ్డు.
వెనక కోట కొండ, ముందర హైవే,
మధ్యలో టార్పాలిన్ కప్పిన ఒక కారు అస్థిపంజరం.
కాగితం సీలు వేసి పోలీసోళ్లు పోయినారు,
"ముట్టుకుంటే నీదే పూచీ కుళ్లాయప్పా" అని.

ముట్టుకోలేదు.
వాసనే నన్ను ముట్టుకుంటాంది పదైదు దినాలుగా.
కాలిన రబ్బరు, కరిగిన సీటు నురగ,
ఇంకొకటి.
దానికి పేరు పెట్టను.

ఓబుళపతి బాడుగ కారు అది.
పామిడి దాటినాక బానెట్ సందులోంచి
ఊదుబత్తి పొగంత సన్నంగా మొదలైందంట.
నిద్రపోయేటోళ్లను ముగ్గుర్ని దించినాడు.
తలుపు రాని పక్కనున్న నాలుగో ఆమె కోసం
మళ్లీ లోపలికి దూరినాడు.
ఆమె బతికింది.
వాడు అనంతపురం పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు
బండి ఎట్లుందని అడిగి అడిగి ఆగిపోయినాడు.

కంపెనీ మనిషి ముందుగా వచ్చినాడు.
తెల్ల చొక్కా, గ్రీజు తెలియని గోళ్లు.
"బయట మెకానిక్ పెట్టిన ఫాగ్ లైట్లే కారణం" అన్నాడు,
ఎవరూ అడక్కముందే.

ఆ లైట్లు పెట్టింది నేనే.
ఏడు వందల యాభై తీసుకున్నా,
రెండు వందలు బాకీ ఉంచినాడు.

ఆ రాత్రి ప్రతి వైరూ మనసులో మళ్లీ విప్పి చూసినా.
ఫ్యూజు పెట్టినానా? పెట్టినా.
రిలే? పెట్టినా.
టేపు రెండు చుట్లా, మూడా?
మూడు.
మూడే.
దేవుని ముందరైనా మూడే అంటా.
కానీ ఆ పొద్దు షెడ్డులో దేవుడు లేడు,
పానాలు అందించే పిల్లోడు ఉన్యాడు,
వానికి గుర్తు లేదు.

తర్వాత ఢిల్లీ నుంచి సర్కారు వాళ్లు ముగ్గురు.
అందులో ఒకామె, నలభై దాటింటాయి,
గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పండుకుని
కారు కిందికి జరిగింది
అచ్చం నా మాదిరి.
అప్పుడు నాకు భయం కొంచెం తగ్గింది.

రెండు గంటలు బూడిద దువ్వింది.
పటకారుతో వేలెడంత గొట్టం ముక్క తీసి
ఎండకు పట్టి చూసింది.
"ఈ రకం బండ్లు ఎన్ని చూసినావు?"

వచ్చీరాని హిందీ కంటే మేలని
నా లెక్కల పుస్తకం తెచ్చినా.
నూనె మరకల మధ్య నా రాత:
"పెట్రోలు పైపు వేడి రేకుకు రాసుకుంటాంది.
సైకిల్ ట్యూబు ముక్క చుట్టినా. పది రూపాయలు."
అట్లాంటివి పదకొండు చోట్ల.
తాడిపత్రి బండి, డోన్ బండి,
యాడికి నాపరాళ్ల కాంట్రాక్టరు బండి.
పదకొండూ తిరుగుతాండాయి.

పన్నెండోది ఓబుళపతిది.
పెండ్లి బాడుగ, తొందర.
"పైపు సంగతి మళ్లీ చూద్దాంలే మామా, లైట్లు పెట్టి పంపు."
పంపినా.

"కంపెనీకి చెప్పినావా?"
చెప్పినా మేడం.
కర్నూలు షోరూంలో సూపర్‌వైజరు నవ్వినాడు,
సైకిల్ ట్యూబు డాక్టరు వచ్చినాడని.
ఆమె నవ్వలేదు.
పేజీ పేజీకీ ఫోటో తీసుకుంది,
పుస్తకం రెండు చేతుల్తో తిరిగిచ్చింది.

ఏడు నెలలకు బండ్లోళ్లందరికీ ఉత్తరాలు వచ్చినాయి.
"ముందుజాగ్రత్తగా, స్వచ్ఛందంగా, ఉచితంగా
ఒక చిన్న భాగం మార్చబడును."
ఆ భాగం నేను చూసినా.
ఇనుప క్లిప్పు, లోపల రబ్బరు.
నా ట్యూబు ముక్కకు పెద్దింటి చుట్టం.

రిపోర్టులో ఫాగ్ లైట్ల ఊసు లేదంట.
నా పేరూ లేదు, "స్థానిక మెకానిక్ ఒకరు" అని ఉందంట.
ఓబుళపతిని ఏమని రాసినారో
చదివి చెప్పినోళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

పుస్తకంలో ఆ రెండు వందలు అట్లే ఉన్యాయి.
బాకీదారు పేరున్న చోట
వాని పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నా.

ఇప్పుడెవరైనా షెడ్డు ముందర హారన్ కొట్టి
"తొందరగా పోవాలన్నా" అంటే
ముందు తాళంచెవి తీసి
నా జేబులో వేసుకుంటా.