చుట్లు

దేవరకొండ బస్టాండు ఎన్కనే మా వైండింగు షాపు.
రాగితీగె చుట్టి చుట్టి
నా బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయినయ్.
రేషన్ దుకాణంల మిషను నన్ను గుర్తుపట్టదు.

ఐటిఐ చదివిన సైదులు
అగ్గిపెట్టెంత బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టిండు.
"అందాలక్కా, గిది వైఫై పట్టుకుంటది.
బాయికాడ త్రీఫేజు వస్తే మొగులుకు చెప్తది,
మొగులు నీ ఫోనుకు చెప్తది."
"నడుమ మొగులెందుకురా, సీదా నాకే చెప్పొచ్చు గద?"
వాడు నవ్విండు. నేను నవ్వలె.
మొగులు మాట నమ్మి
విత్తనం పెట్టినోళ్ల మోటర్లే
నా షాపు నిండ.

మొదటి దినం మొత్తం కేబులుతోనే గడిచింది.
బోర్డు మీద లైటు వెలుగుతది,
కంప్యూటరేమో బోర్డే లేదంటది.
పొద్దుగూకినంక తెలిసింది, అది ఉట్టి చార్జింగు వైరట.
బువ్వ పెడతది గాని ముచ్చట మోయదు.
అసుంటి మనుషులను చూసిన,
అసుంటి వైరును చూసుడు గదే మొదలు.

తెల్లారి తెర మీద అన్నీ పిచ్చి గీతలు.
అది ఒక వేగంల మాట్లాడుతుంటే
నేను ఇంకో వేగంల వింటున్ననట.
నంబరు మార్చంగనే
గొంతు సవరించుకున్నట్టు
సక్కటి అక్షరాలు.

"సెటప్ ఒక్కసారే అక్కా, లూప్ మాత్రం ఎప్పటికీ."
"లూప్ అంటే చుట్టేనా?"
"చుట్టే."
"ఎన్ని?"
"లెక్క లేదు. కరెంటున్నంత సేపు."
స్లాటుకు నలభై రెండు చుట్లు,
ఒక్కటి తప్పినా మోటరు కాలుతదని
పెదవుల మీద లెక్కబెట్టుకుంట బతికినదాన్ని.
లెక్కలేని చుట్టంటే
కడుపుల భయమైంది.

వెయ్యి అని రాస్తే సెకనుకోసారి రెప్పేసింది.
నూరు చేసిన. గజగజ వణికింది.
పాపమనిపించి మళ్ల వెయ్యి పెట్టిన.

హాట్‌స్పాటు పేరు, పాస్‌వర్డు కొట్టినంక
తెర మీద చుక్క.
ఇంకో చుక్క.
చుక్కెనక చుక్క.
పెద్దక్షరం కాడ చిన్నక్షరం కొట్టిన్నని
సైదులు వేలు పెట్టి చూపిండు.
దిద్దిన.
పట్టుకుంది.
వేలు అడగలె, గీతలు అడగలె.

కొండమల్లేపల్లి దారిల మారయ్య బాయి.
స్టార్టరు డబ్బాల బోర్డు, దాని పక్కన పాత ఫోను.
రాత్రి రెండుంబావుకు నా దిండు కింద గుర్రుమంది:
కరెంటొచ్చింది.

ఉరికురికి మారయ్యకు ఫోను కొట్టిన.
"లే, త్రీఫేజు వచ్చింది."
"ఎరుకే" అన్నడు.
"బాయికాడనే కూసున్న.
నీ డబ్బా నిజం చెప్తదా లేదా అని
పదింటి సంది చూస్తున్న."

ఎన్క మోటరు చప్పుడు.
నా చేతుల మీదుగ చుట్టిన మోటరే.
గొంతు ఎరుకపట్టిన.
ఫోను పెట్టెయ్యకుంట
కొద్దిసేపు అట్లనే విన్న.