దిగుడు

ఈ బండి నాకంటే పన్నెండేళ్లు పెద్దది.
డోరు తియ్యాలంటే లోపలి నుంచి ఒకరు భుజంతో పొడవాలి,
హీటరు డ్రైవరు ఎడమకాలికి మాత్రమే పనిచేస్తుంది.
అయినా నెరిడా దాన్ని తిట్టగా నేను వినలేదు,
నన్ను తిడుతుంది గానీ.

చీకటి పడ్డాక, ఆఖరి తేనెటీగ ఇల్లు చేరాక
నలభై ఎనిమిది పెట్టెలు ట్రైలర్ మీదికెక్కించాం.
ఒక్కోటీ మా దీవిలో విందుకి కాల్చే పందంత బరువు.
చుట్టూ పట్టీలు, పైన వల,
లోపల ఒకే గొంతుతో ఏదో గొణుగుడు.
"ముందుభాగం కాస్త బరువుండాలి" అంది,
బండి వెనక కొక్కెం మీద కాలేసి నొక్కి చూసి.
కాస్తంటే ఎంతో చెప్పలేదు.
అది కాలికి తెలుస్తుందట.

ఒమియో దాటాక ఎక్కుడు.
రెండో గేరు. ఇంజను ముక్కుతూ మూలుగుతూ,
వేడిముల్లు ఎర్రగీత దాకా పోయి
అక్కడ కూర్చుని ఆలోచించింది.
వెనక పాల ట్యాంకరొకటి
లైట్లు ఆర్పి వెలిగించి విసుక్కుంటే
నెరిడా పక్కకి తీసి దారిచ్చింది.
"ముప్పై ఏళ్లుగా లాగుతున్నా, ఫెలేతీ,
ఎక్కలేక చచ్చిన బండిని చూళ్లేదు.
దిగలేక చచ్చినవి ఐదు."
అని, కొండ నెత్తిన ఇంజను ఆపకుండానే
దిగి, చుట్టూ తిరిగొచ్చి
నన్ను అటు జరగమంది.

దిగుడులో తెలిసింది,
లాగుతున్నది నేను కాదు.
ఎవరో వెనక నుంచి వీపు మీద చెయ్యేసి
మర్యాదగా తోస్తున్నారు.
రెండో మలుపు దగ్గర ఆ మర్యాద పోయింది.
పెట్టెలు ఎడమ అద్దంలో కనపడ్డాయి,
తర్వాత కుడిదాంట్లో,
మళ్లీ ఎడమ, ఈసారి ఇంకాస్త.
స్టీరింగు పట్టిన చేపలా తన్నుకుంది.
నా కాలు దానంతటదే బ్రేకు మీదికి లేచింది.

"ముట్టుకోకు."
అరవలేదు. ఉప్పు అందుకో అన్నట్టు అంది.
"తిన్నగా పట్టుకో. దిద్దకు. దాన్ని అలిసిపోనీ."
ఆమె చెయ్యి డాష్‌బోర్డు కింద
ట్రైలర్ బ్రేకు మీటని అంగుళం నొక్కింది.

వవావు బయట, సముద్రం వెనక నుంచి తరుముతుంటే
చుక్కాని నా చేతికిచ్చి నాన్న ఇదే అనేవాడు:
వెనక్కి చూడకురా,
అల తన పని తను చూసుకుంటుంది.

ఊగి, ఊగి, చిన్నగా ఊగి
ట్రైలరు వరసలోకొచ్చింది,
బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా.

ఆగాం. నా మోకాళ్లు ఆగలేదు.
ఎర్రలైటు పట్టుకుని ఆమె వెనక్కెళ్లి
చాలాసేపు నిలబడింది.
తెల్లారి దించడానికి వీలుగా ఉంటాయని
ఆరు పెట్టెలు చిట్టచివరికి పేర్పించింది తనే.
"నాదే" అంది. ఇంకేం అనలేదు.
నిండుకుండ తొణకదని చెప్పినవాళ్లు
దాన్ని చక్రాల మీద పెట్టి చూసుండరు.

రాత్రి రెండున్నరకి, మంచుపట్టిన గడ్డిలో నిలబడి
ఆరూ విప్పి ముందువరస మీదికెత్తాం.
ఒక ఈగ నా మెడ మీద కుట్టింది,
ఒకటి ఆమె కనురెప్ప మీద.
ఆ కన్ను మూసుకుపోయింది గనక
మిగతా దారంతా నేనే నడిపా.

రాబిన్‌వేల్‌లో బాదం చెట్లు పూసున్నాయి,
తెల్లగా, చూపు ఆనినంత మేరా,
ఇంకా ఏ రెక్కా తగలనివి.
షెడ్డు పనికి పోతున్న మా మేనత్త కొడుకులు
నా మెడ చూసి నవ్వారు.
పెట్టెల మూతులు తెరిచేసరికి ఎండొచ్చింది.
ముందొకటి బయటికొచ్చి, గుమ్మంలో నిలబడి,
ఇదెక్కడి ఊరన్నట్టు గిర్రున తిరిగింది.
ఏ కొండ ఎలా దిగొచ్చిందో దానికి తెలీదు.

తిరుగుదారిలో ఖాళీ ట్రైలరు
ప్రతి గుంటకీ ఎగిరిపడుతూ ఒకటే మోత.
బరువున్నప్పుడు ఇంత గోల చెయ్యలేదు.
నెరిడా వాచిన కన్ను కిటికీకి ఆనించి నిద్రపోతోంది.
నా ఎడమకాలు వెచ్చగా ఉంది.
కుడికాలు మాత్రం ప్రతి దిగుడుకీ బ్రేకు దాకా వెళ్లి,
తాకకుండా తిరిగొస్తోంది.