విశేషం

తెల్లారగట్ల మూడింటికి చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది.
ఈ సంగతి నాకు బడి చెప్పలేదు, రొయ్యలు చెప్పాయి.
గట్టు వార మీసాలు పైకి తేల్చి
నోరు లేని జీవాలు అడుగుతాయి.
కరెంటు పోతే నాకున్నది పది నిమిషాలు.
జనరేటరు తాడు లాగుతాను, ఏరియేటర్ల తెడ్లు తిరుగుతాయి,
నీరు తెల్లగా నురగెత్తి ఊపిరి పీలుస్తుంది.

మొగల్తూరు దాటాక పన్నెండెకరాల చెరువుకి కాపలా నేను.
పాకలో నా భార్య సత్యవేణి
మూడు దిండ్లకి ఆనుకుని, కూర్చున్నట్టు పడుకుంటుంది.
లేసు అల్లుతుంది.
"కన్నాలు లేకపోతే ఇది ఒట్టి గుడ్డే" అంటుంది.
ఏ కాలంలో చూసినా
నేరేడుపళ్లు ఒలిచినట్టుంటాయి గోళ్లు.

గుండెలో చిల్లుందని ఆరో తరగతిలోనే తెలుసట.
బడికొచ్చిన డాక్టరు గొట్టం పెట్టి
చాలాసేపు తియ్యలేదట.
చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ
వాళ్ల నాన్న రేకుపెట్టెలో, శిస్తు రసీదుల మధ్య
పెళ్లి దాకా భద్రంగా ఉంది.

ఈ మాఘంలో నెల తప్పింది.
మా అమ్మ బెల్లంముక్క నోట్లో పెట్టింది.
నేను గట్టు మీద ఒక్కణ్నే నవ్వుకున్నాను,
ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గు.

కాకినాడ పెద్దాసుపత్రిలో
జుట్టు నెరిసిన డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక
నాలుగు గదుల ఇల్లు గీసింది. నడిమి గోడకి కన్నం.
ఇన్నేళ్లూ ఇందులోంచి పోటెత్తి పోటెత్తి
ఊపిరితిత్తుల గొట్టాలు గిడసబారాయి,
ఇప్పుడు నెత్తురు ఎదురు తిరిగిందయ్యా, అంది.
"ఎండాకాలం వశిష్ఠలోకి సముద్రం ఎక్కుద్ది కదండీ, అలాగా?"
ఆమె పెన్ను ఆపింది. "ఏ ఊరు మీది?" అంది.
"అలాగే."

తర్వాతంతా మెల్లగా చెప్పింది, నాక్కాదు, వేణికి.
నెలలు నిండేకొద్దీ ఒంట్లో నెత్తురు ఇంకో సగం పెరుగుతుంది,
ఆ గొట్టాలు దారివ్వవు.
కొందరు దాటతారు. నువ్వు దాటతావని నేను చెప్పలేను.
గండం నొప్పులతో గడిచిందనుకుంటారు,
కాదు, కాన్పయ్యాకే,
ఇంట్లోవాళ్లు ఉయ్యాల కోసం వెతికే వారంలో.
"నేనొకమ్మాయిని..." అని
ఏదో అనబోయి చీటీ మడిచింది.

వేణి ఒక్క రాత్రి గడువడిగింది.

ఆ రాత్రే కరెంటు పోయింది.
జనరేటరు తాడు రెండుసార్లు చేతిలోంచి జారింది.
పాకలోంచి కేక, ఆయాసానికి ముక్కలు ముక్కలై:
"ముందు... చెరువు... చూడు."
వచ్చేసరికి లాంతరు దగ్గర
అరచెయ్యంత టోపీ విప్పుతోంది, కుట్టు వెంట కుట్టు.
వంకీలు తిరిగిన దారం ఎంత లాగినా సాపవ్వలేదు.
"అత్తతో నువ్వే చెప్పు. నేను చెప్తే
భయమేసిందనుకుంటుంది."
కాసేపాగి,
"భయమే వేసింది" అంది.

చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర
చాలాసేపు పులుసు కలుపుతూనే ఉంది. ఏమీ అనలేదు.
బస్సుకి మాత్రం అందరికంటే ముందు తయారైంది,
మూడు దిండ్లూ సంచిలో కుక్కి.

ఇక మీదట ఆపరేషను నీకు, తనకి కాదు, అంది డాక్టరమ్మ.
తలూపాను.
ఆ తలూపు సంగతి అమ్మకింకా తెలీదు.

నాలుగో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం.
మోటారుసైకిళ్ల మధ్య కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్నావిడ
వేణిని చూసి, నన్ను చూసి,
"ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అంది.
అమ్మ నోరు తెరిచింది. నేను నీళ్ల వైపు తిరిగాను.
"ఉందండీ" అంది వేణి.
"రాత్రి రెండు దిండ్లతోనే పడుకున్నాను."

ఆవిడకేం అర్థమైందో.
పోటు వేళ. గోదారి పైకి నడుస్తోంది,
దానికడ్డంగా మేం, నరసాపురం వైపు.
వేణి వేలికి క్లిప్పు పెట్టి చూశాను. ఎనభై మూడు.
"మళ్లీ చూడు" అంది.
ఎనభై నాలుగు.